ద్రాక్ష కోతల్లో ఉన్న బిడ్డకు

శామీర్‌పేట,
మార్చి 9.

చి. కుమారి అమూల్యకు నాన్న ఆశీర్వదించి రాయునది.

మేమిక్కడ అందరం క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు, అయినా మిద్దె మీద మిరపకాయలు ఆరబోయడం మానదు. మామిడికి ఈసారి పిందె బాగా నిలిచింది. బోరు మోటరు మళ్ళీ కాలితే మల్లేశం పట్నం తీసుకుపోయి వైండింగ్ చేయించుకొచ్చాడు. సుశీలత్త చిన్నకోడలు నెల తప్పింది. బుజ్జికి సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయి, రాత్రి రెండింటిదాకా లైటు వెలుగుతూనే ఉంటుంది, చదువుతున్నాడో ఫోను చూస్తున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

నీ ఫోను వచ్చి చాలా రోజులైంది. మెసేజి పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి వస్తోంది. పని ఎక్కువగా ఉందేమో అనుకుంటున్నాం. అన్నం వండుకుంటున్నావా, ఆ బ్రెడ్డు ముక్కలతోనే పొద్దు పుచ్చుతున్నావా?

మొన్న కొంపల్లిలో నర్సింహులు బిడ్డ పెళ్ళికి పోయాం. సుశీలత్త తోటికోడలి తమ్ముడి కొడుకు అడిలైడ్ నుంచి వచ్చాడు. పంక్తిలో పదిమంది వింటుండగా, "మీ అమూల్య సారా కంపెనీలో డ్రమ్ములు కడుగుతోందట కదా మామయ్యా" అన్నాడు. మీ అమ్మ కలిపిన ముద్ద కలిపినట్టే ఉండిపోయింది. చదువులో భాగమై ఉంటుందిలే అని నేను మాట మార్చాను. నువ్వు మాకు చెప్పింది ఫుడ్ టెక్నాలజీ అని. ఇంటికొచ్చేదాకా కారులో ఎవరమూ మాట్లాడలేదు.

సరే, ఆ సంగతి అలా ఉంచు. నిద్ర పట్టడం లేదు, అందుకని బుజ్జి చేత మీ సౌత్ ఆస్ట్రేలియా ద్రాక్షతోటల గురించి, అక్కడి వైన్ గురించి వెతికించుకుని చదువుతున్నాను. ద్రాక్ష అంటే నాకు మొదటినుంచీ ఇష్టమే కదా.

1844లో ఇంగ్లండు నుంచి అడిలైడ్‌కు వచ్చిన దంపతుల గురించి చదివాను. ఆయన క్రిస్టఫర్ రాసన్ పెన్‌ఫోల్డ్ అనే డాక్టరు. ఆమె మేరీ. మాగిల్‌లో వాళ్ళు పెట్టిన తోటలో కొంత ఇప్పటికీ ఉందట, నువ్వు చూసే ఉంటావు. రక్తం తక్కువున్న రోగులకు ఆయన వైన్‌ను టానిక్కులాగా రాసిచ్చేవాడు. పొద్దంతా ఆయన రోగులతోనే సరి. మరి తోటనూ, వైన్ పనినీ చూసిందెవరు? మేరీయే. 1870లో ఆయన పోయాక కూడా 1884 దాకా వ్యవహారమంతా ఆమె చేతి మీదుగానే నడిచింది. 1874లో అక్కడి పేపరువాళ్ళు వెళ్ళి చూసి రాశారట: రెండు మూడేళ్ళు నిలవున్న రకాలను మిసెస్ పెన్‌ఫోల్డ్ దగ్గరుండి కలిపిస్తుంది, దానికి ఫలానా పద్ధతి అంటూ ఏమీ లేదు, ఆమె నాలుకకు ఏది తోస్తే అదే లెక్క అని. వాళ్ళు కాపురమున్న చిన్న ఇంటిని గ్రేంజ్ అనేవాళ్ళు. 1951లో వాళ్ళ కంపెనీలో మొదలైన గొప్ప వైన్‌కు ఆ ఇంటి పేరే వచ్చింది. గోడలకు దక్కిన పేరు మనిషికి దక్కలేదే అని నాకు మనసుకు కష్టమనిపించింది.

అది చదువుతుంటే మీ నాయనమ్మ గుర్తొచ్చింది. నీకు తోట తెలియదు, నువ్వు నడక నేర్చేసరికే మిగిలిన రెండెకరాలు కూడా ప్లాట్లయ్యాయి. నా చిన్నప్పుడు మన శామీర్‌పేట, మేడ్చల్ చుట్టూ ఎటు చూసినా అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్ళే. రాతి కడీలు, పైన ఇనుప తీగలు, కింద మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. పట్టా మా బాపు పేరు మీద ఉండేది. బూజు తెగులుకు బోర్డో మందు కలపడం మాత్రం ఆమె ఇంకొకరికి వదిలేది కాదు. ఒక తొట్టిలో మైలుతుత్తం, ఇంకో తొట్టిలో సున్నం. రెండూ కలిపాక, తళతళలాడేటట్టు తోమిన కొడవలి మొన అందులో ముంచి కాసేపు ఉంచేది. తీసి చూస్తే ఇనుము మీద ఎర్రటి పూత పట్టిందంటే ఇంకా సున్నం పడాలి, అట్లాగే కొడితే ఆకు మాడిపోతుంది. పూత పట్టకపోతే "ఇగ కొట్టుండ్రి" అనేది. బడి మొహం చూడని మనిషి.

ఒక ఏడు కోతల ముందర మబ్బు పట్టింది. పట్నం నుంచి పండ్ల సేటు వచ్చి, వాన పడితే మొత్తం పగిలిపోతాయి, ఇయ్యాలే కోయించమని తొందరపెట్టాడు. మా బాపు సరేననబోతున్నాడు. ఆమె గుత్తిలో అన్నిటికంటే కింద వేలాడే పండు ఒకటి తెంపి నోట్లో వేసుకుంది. పై పండ్లు ఎంత తీపెక్కినా కింది పండు తీపెక్కేదాకా గుత్తి కోయొద్దని ఆమె లెక్క. "ఇంక పులుపుంది, నాలుగొద్దులు ఆగాలె" అంది. సేటు ఆమె వైపు తిరిగి చూడకుండానే, "నేను యజమానితో మాట్లాడుతున్నా" అన్నాడు. మా బాపు నోరు విప్పలేదు. ఆమె వాదన పెట్టుకోలేదు, గంప బోర్లించి పందిరి కిందే కూర్చుంది. కూలీలు ఆమె మొహం చూశారు, ఒక్కరూ కత్తెర పట్టలేదు. సేటు తిట్టుకుంటూ జీపెక్కాడు. వాన రాలేదు. ఐదో రోజు ఆయనే మళ్ళీ వచ్చి మొదట అన్నదానికంటే ఎక్కువ కట్టి కొనుక్కుపోయాడు. ఆ ఏడే పండ్ల ప్రదర్శన పెడితే మన గుత్తులకు మొదటి బహుమతి వచ్చింది. మైకులో పిలిచింది మా బాపు పేరు. ఆమె నా చెయ్యి పట్టుకుని జనంలో నిలబడి ఉంది. ఇంటికొచ్చాక ఆ కాగితం నా చేతికిచ్చి చదవమంది. చదివాను. "ఇంకోసారి సదువు" అంది. మళ్ళీ చదివాను. మడిచి పెట్టెలో పెట్టి, బర్రెలకు కుడితి పెట్టడానికి పోయింది.

అందుకే బిడ్డా, నీ పని గురించి పెళ్ళి పంక్తిలో ఇంకొకడి నోటి నుంచి వినాల్సి రావడం నాకు కష్టంగా ఉంది. నీ పని నువ్వు చెప్పుకోకపోతే ఇంకొకరు చెబుతారు, వాళ్ళకు తోచిన పేరు పెట్టి చెబుతారు. డ్రమ్ములు కడిగితే తప్పేముంది? పీపా శుభ్రంగా లేకపోతే అందులో పోసిన 225 లీటర్లూ చెడి వెనిగర్ వాసన కొడతాయని చదివాను. వైన్ చేసేవాళ్ళ పనిలో సగానికి సగం కడగడమేనట. ఆ అబ్బాయికి అది తెలియదు. మాకు తెలియజెప్పాల్సింది నువ్వు.

మీ యూనివర్సిటీలో కలిసిపోయిన రోజ్‌వర్తీ కాలేజీ ఉంది కదా, దాన్ని 1883లో పెట్టారు. దాదాపు 90 ఏళ్ళు గడిచాక, 1970ల మొదట్లో, పామ్ డన్స్‌ఫర్డ్ అనే అమ్మాయి వచ్చేదాకా అక్కడి వైన్ చదువులో ఆడపిల్లన్నదే లేదు. చుట్టూ అంతా మగపిల్లలే ఉన్న ఆ చోట ఒక్కతే చదువుకుని, తర్వాత మెక్‌లారెన్ వేల్‌లో చాపెల్ హిల్ అనే వైనరీని పైకి తెచ్చింది. ఆమెకంటే ముందే, 1960ల్లో, ఆస్ట్రియా నుంచి వచ్చిన ఉర్సులా ప్రిడమ్ అడిలైడ్ పక్కనే మారియన్‌బర్గ్ అని సొంత వైనరీ నడిపింది. వీళ్ళు దారి వేశారు కాబట్టే ఇవాళ నీ క్లాసులో ఆడపిల్లలున్నారు. వాళ్ళ పేర్లు నీకు కంఠతా రావాలి.

పడమటి తీరాన మార్గరెట్ రివర్ దగ్గర కల్లెన్ వాళ్ళ కథ మీ అమ్మకు చదివి వినిపించాను. తండ్రి కెవిన్ డాక్టరు, తల్లి డయానా ఫిజియోథెరపిస్టు. 1971లో తోట నాటారు. పిల్లలను పెంచుతూ, ఉద్యోగం చేస్తూ, డయానాయే వైన్ చేసే బాధ్యత కూడా నెత్తికెత్తుకుంది. ఆరుగురు పిల్లల్లో ఆఖరిది వాన్యా. రోజ్‌వర్తీలోనే చదివి, 1989లో తల్లి చేతి నుంచి ఆ పని అందుకుంది. 2000లో దేశంలో ఆ ఏటి మేటి వైన్‌మేకర్ అనిపించుకుంది. రసాయన మందులు మానేసి, 2004 కల్లా తోటకు బయోడైనమిక్ సర్టిఫికెట్ కూడా తెచ్చింది. వాళ్ళ వైన్‌లన్నిటిలో గొప్పదైన ఎర్ర వైన్ పేరు ఏమిటో తెలుసా? డయానా మేడలిన్. తల్లి పూర్తి పేరు సీసా మీద పెట్టింది. మీ అమ్మ అంతా విని, "ఆఖరుదా ఆ పిల్ల?" అని మాత్రం అడిగింది. అన్నం కొంచెం ఎక్కువ తిన్నది ఆ రాత్రి.

నువ్వు బరోసా వైపే ఉంటే ఈడెన్ వ్యాలీ దగ్గరే కదా. ప్రూ హెన్ష్కే అనే ఆమె తోట ఒక్కసారైనా చూసి రా. హిల్ ఆఫ్ గ్రేస్ అంటారు. 1860ల నాటి తీగలు ఇప్పటికీ కాస్తున్నాయి. భర్త స్టీఫెన్ వైన్ చేస్తే తోట ఈమెది. ముసలి తీగల్లో మంచివి ఏరి, వాటి కడ్డీలతో కొత్త మొక్కలు పెంచి, మొదళ్ళలో గడ్డి పరిచి మన్ను చల్లగా ఉండేలా కాపాడుతోంది. మొక్క దగ్గర కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళ చేతి కిందే పని నేర్చుకోవాలి. ఇంకో మాట, మీ సౌత్ ఆస్ట్రేలియాలో ఫిలోక్సెరా అనే వేరుపురుగు అడుగు పెట్టలేదు కాబట్టే అంత పాత తీగలు బతికున్నాయట. కాబట్టి ఇక్కడి నుంచి తీసుకుపోయిన చెప్పులు, బూట్లు వేసుకుని తోటల్లోకి పోవద్దు. వేరే రాష్ట్రం తోట చూసొస్తే బూట్లు మందునీళ్ళతో కడిగాకే లోపలికి పో.

అంత చరిత్ర ఉన్నా హాలిడే వైన్ కంపానియన్ అనే పుస్తకం వాళ్ళ 'వైన్‌మేకర్ ఆఫ్ ది ఇయర్' ఒక ఆడమనిషికి మొదటిసారి దక్కింది 2017లోనట, అప్పట్లో యారా యెరింగ్ అనే వైనరీలో వైన్ చేసిన సారా క్రోకు. నిన్నమొన్నటి సంగతి. ఎవరో పిలిచి ఇస్తారని కూర్చోకుండా 2015లో జేన్ థామ్సన్ అనే ఆమె ఆ రంగంలోని ఆడవాళ్ళకే అవార్డులు మొదలుపెట్టింది. మంచి పని చేసింది. మీ నాయనమ్మ కాలంలో అలాంటి మనిషి ఒక్కరున్నా బాగుండేది.

మీ అమ్మ బాధ వేరు, అది నువ్వు అర్థం చేసుకోవాలి. చిన్నబాపును ఆమే చూసుకుంది, చివరిదాకా. 1992లో సారా వద్దని తిరగబడ్డ దూబగుంట ఆడవాళ్ళ సంగతి పేపర్లో వచ్చాక మన ఊళ్ళో సారా దుకాణం ముందు కూర్చున్నవాళ్ళలో ఆమె కూడా ఉంది, పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదు అప్పటికి. అలాంటి మనిషి నీ పేరు పక్కన ఆ మాట వింది. సారా వేరు, వైన్ వేరు అని నేను ఆమెతో వాదించలేదు, వాదించను. ఏది తాగినా మితి తప్పితే కొంపలు కూలతాయి, అక్కడైనా ఇక్కడైనా. రుచి చూసేవాళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేస్తారని మాత్రం చెప్పాను. నువ్వు తప్పకుండా ఉమ్మెయ్. ఆ పులుపుకు పళ్ళ పైపూత అరిగిపోతుందట. రుచి చూసిన వెంటనే బ్రష్ చెయ్యకు, నీళ్ళు పుక్కిలించి ఊరుకో.

ఇంకొకటి, ఇది గట్టిగా చెబుతున్నాను. ద్రాక్షరసం పొంగే తొట్లలో బొగ్గుపులుసు వాయువు అడుగున పేరుకుంటుంది. కంటికి కనిపించదు. మన దగ్గర పాత బావిలో పూడిక తీయాలంటే ముందు దీపం దింపి, అది ఆరకపోతేనే మనిషిని దింపేవాళ్ళం. మీ దగ్గర మీటర్లుంటాయట. మీటరు చూడకుండా, పైన ఇంకో మనిషి లేకుండా ఏ తొట్లోకీ దిగొద్దు. ఎవరు తొందరపెట్టినా దిగొద్దు. లోపల ఎవరైనా పడిపోతే ఆదుకోబోయి నువ్వు దూకొద్దు, కేకెయ్యి. కోతల కాలంలో పన్నెండు గంటల షిఫ్టులుంటాయని, పండు చల్లగా ఉండాలని రాత్రిళ్ళు కోస్తారని చదివాను. అలాంటి రాత్రి పని అయ్యాక నిద్రకళ్ళతో కారు తోలకు. చీకట్లో రోడ్డు మీదికి కంగారూలు ఉరుకుతాయట. అక్కడే ఎక్కడో కాసేపు పడుకుని తెల్లవారాక బయలుదేరు. చేతులకు కొబ్బరినూనె రాసుకో, రోజంతా నీళ్ళలో నానితే వేళ్ళ సందులు పగులుతాయి.

ఈ ఆదివారం నాకు కాదు, మీ అమ్మకే ఫోన్ చెయ్యి. వీడియోలో చెయ్యి. పొడుగు బూట్లు వేసుకుంటావట కదా, వాటితోనే చెయ్యి. ఏ వైనరీలో ఉన్నావు, నీ పైన ఎవరున్నారు, ఏ పండు, ఎన్ని టన్నులు, అంతా నీ నోటితో చెప్పు. ఆమె కోప్పడుతుంది, పడనీ. మధ్యలో ఫోన్ పెట్టెయ్యకు. మీరు చేసిన వైన్ సీసాల్లోకి ఎక్కాక దాని మీద ఎవరి పేరు వేస్తారో కూడా కనుక్కో. ఇప్పుడే నీది వేయమని కాదు, కొత్తదానివి. కానీ అడగడం అలవాటు చేసుకో.

గోంగూర పచ్చడి, కరివేపాకు పొడి, సకినాలు నర్సింహులు అల్లుడి చేత పంపుతున్నాం. విమానం దిగాక కార్డులో అన్నీ రాసి చూపించమని చెప్పాను. మీ అమ్మ కరివేపాకు కొమ్మ కూడా పెడతానంటే నేనే ఆపాను, పచ్చి మొక్కలు రానివ్వరు కదా. అడిలైడ్ రూములోనే ఉన్నావో, బరోసాకు మారావో మాకు తెలియదు, కవరు మీద యూనివర్సిటీ అడ్రసే రాస్తున్నాను. సరైన అడ్రసు బుజ్జికి మెసేజి పెట్టు, ఆ అబ్బాయి ఇరవయ్యో తారీఖున బయలుదేరుతున్నాడు.

మీ నాన్న