ఆదివారం గండిపేట నడక, పిల్లలతో సహా రండి

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం పొద్దున గండిపేట చెరువు ఒడ్డున నడవబోతున్నాం. సరిగ్గా 5:45కి మన గేటు దగ్గర కలుద్దాం. ఎండ ముదరకముందే, తొమ్మిదిన్నరకల్లా ఇంటికి వచ్చేస్తాం.

నడిచేది నాలుగు కిలోమీటర్లే. ఆరేళ్ల పిల్లలు కూడా హాయిగా నడుస్తారు. స్ట్రోలర్ మాత్రం వద్దు, మట్టిదారిలో చక్రాలు కదలవు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: నీళ్లలోకి ఎవరూ దిగొద్దు. అంచున బురద పైకి ఎండి పెచ్చు కట్టినట్టే ఉంటుంది, కాలు పెడితే చీలమండ దాకా దిగిపోతుంది. చిన్నపిల్లల చెయ్యి వదలకండి. పైగా అవి హైదరాబాద్ ఊరు తాగే నీళ్లు. ఈ చెరువును 1908 మూసీ వరదల తర్వాత కట్టించారు, 1920లో పూర్తయింది. దారిలో పిల్లలకు ఆ కథ చెబుదాం.

బూట్లు, టోపీ, మనిషికో నీళ్ల సీసా మర్చిపోవద్దు. పులిహోర మా ఇంటి నుంచి తెస్తాను, స్టీలు ప్లేట్లు మీరు తెచ్చుకోండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు. బైనాక్యులర్స్ ఉన్నవాళ్లు తప్పకుండా తేండి, పొద్దున్నే కొంగలను చూడటం పిల్లలకు భలే ఇష్టం.

ఎంతమంది వస్తున్నారో, కారులో ఎన్ని సీట్లు ఖాళీయో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే రాయండి. శనివారం రాత్రి గట్టి వాన పడితే వచ్చే వారానికి వాయిదా. ఆదివారం 5 గంటలకు మెసేజ్ పెడతాను, చూసుకొని బయల్దేరండి.