మహిళా టీచర్ల శాతం పెరిగింది, మహిళా టీచర్ లేని బడులెన్నో కూడా లెక్క తీయండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

1950-51 నాటికి దేశంలోని ప్రాథమిక బడుల్లో వంద మంది మగ టీచర్లుంటే మహిళలు ఇరవై మంది దాకా ఉండేవారు. 1987లో మొదలైన కేంద్ర పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం ఇద్దరు టీచర్లుండాలని, వీలైనంతవరకు వారిలో ఒకరు మహిళ కావాలని చెప్పింది. దేశంలోని బడుల వివరాలను ఏటా నమోదు చేసే యూడైస్ ప్లస్ 2019-20 లెక్కల్లో అన్ని తరగతులూ, అన్ని యాజమాన్యాలూ కలిపి చూస్తే మహిళా టీచర్లు పురుషులను దాటారు. 2024-25 నాటికి దేశంలోని టీచర్లు కోటి దాటారు, అందులో 54 శాతం మహిళలు. ఇది చాలామంది కష్టపడి సాధించిన మార్పు. దాన్ని తక్కువ చేసి చూపడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ శాతం చూసి పని పూర్తయిందనుకుంటే మారుమూల బడులకు అన్యాయం జరుగుతుందని చెప్పడానికే రాస్తున్నాం.

ఒక్క మహిళను కూడా కొత్తగా తీసుకోకుండానే ఈ శాతం పెరగగలదు. ఒక మండలంలో వంద మంది ఎస్‌జీటీలు, అంటే ప్రాథమిక తరగతులు చెప్పే టీచర్లు ఉన్నారనుకుందాం: అరవై మంది పురుషులు, నలభై మంది మహిళలు. ఇరవై మంది పురుషులు రిటైరయ్యారు, ఆ ఖాళీలు నింపలేదు. మహిళల వాటా 40 నుంచి 50 శాతానికి చేరింది. నివేదికలో అది ప్రగతిగా కనిపిస్తుంది, కానీ బడుల్లో మాత్రం ఇరవై మంది టీచర్లు తగ్గారు. పదోన్నతుల్లోనూ ఇదే జరుగుతుంది. పాత డీఎస్సీ నియామకాల్లో మగవారు ఎక్కువగా ఎంపికైన చోట సీనియారిటీ జాబితా పైభాగంలో వారే ఉంటారు. వాళ్లు స్కూల్ అసిస్టెంట్లుగా పైతరగతులకు వెళ్లిపోతే ప్రాథమిక బడిలో మహిళల శాతం దానంతటదే పెరుగుతుంది. పైగా ప్రైవేటు బడుల్లో తక్కువ జీతానికి పనిచేసే మహిళలు కూడా ఈ మొత్తంలోనే కలిసిపోతారు. అందుకే యాజమాన్యం, నియామకపు తీరు విడదీయకుండా ఇచ్చే ఏ శాతాన్నీ మేం నమ్మం, మీరూ నమ్మకండి.

మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. రెండు లేదా అంతకంటే ఎక్కువ పోస్టులుండి కూడా ఒక్క మహిళా టీచర్ లేని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలెన్ని? అవి ఏ మండలాల్లో ఉన్నాయి, బదిలీల కోసం మారుమూలతనాన్ని బట్టి బడులకిచ్చే కేటగిరీల్లో దేని కింద ఉన్నాయి? ఇందుకు కొత్త సర్వే అక్కర్లేదు. యూడైస్ ప్లస్‌లో ప్రతి టీచర్‌కూ విడిగా రికార్డు ఉంది. స్త్రీయా పురుషుడా, రెగ్యులరా కాంట్రాక్టా, ఏ తరగతులకు చెబుతున్నారు అన్నీ అందులో నమోదవుతాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. జీతం ఒక బడి పేరు మీద, పాఠం మరో బడిలో అన్నట్టు సర్దుబాటు ఉత్తర్వుల మీద పనిచేసేవారు ఉంటారు. రికార్డులో మహిళా టీచర్ కనిపించే బడికి ఆమె నెలల తరబడి వెళ్లకపోవచ్చు, ఎందుకంటే పక్క ఊరి బడిని నడుపుతున్నది ఆమే. కాబట్టి యూడైస్ జాబితాను టీచర్లు రోజూ యాప్‌లో వేసే హాజరుతో సరిపోల్చాలి. ఎవరు ఎక్కడ హాజరు వేస్తున్నారో అదే అసలు లెక్క.

ఇక ఆ బడుల్లో మహిళలు ఎందుకు ఉండటం లేదన్న విషయానికి వస్తాం. నియామకాల్లో మహిళలకు 33 1/3 శాతం రిజర్వేషన్ ఉంది. అది ఉద్యోగం దక్కేలా చూస్తుందే గానీ ఏ బడికి వెళ్లాలో నిర్ణయించదు. దాన్ని నిర్ణయించేది కౌన్సెలింగ్, అంటే పాయింట్ల వరుసలో టీచర్లు బడిని ఎంచుకునే పద్ధతి. సర్వీసు, పాయింట్లు ఉన్నవారు రోడ్డు పక్క బడులు కోరుకుంటారు, అది వారి హక్కు. మిగిలిన మారుమూల ఖాళీలు కొత్తగా డీఎస్సీలో ఎంపికైనవారికి వస్తాయి. వారిలో చాలామంది ఇరవైల చివర్లో, ముప్పైల మొదట్లో ఉన్న మహిళలు. పెళ్లి, కాన్పు, పసిబిడ్డ అన్నీ ఆ కొన్నేళ్లలోనే వస్తాయి. 180 రోజుల ప్రసూతి సెలవు తీసుకుంటే విద్యా సంవత్సరంలో దాదాపు సగం గడిచిపోతుంది. అది ఒకే టీచర్ ఉన్న బడి అయితే మండల విద్యాధికారి (ఎంఈవో) పక్క బడి నుంచి ఒకరిని సర్దుతారు. అక్కడ రెండు తరగతులు చూసే టీచర్ మీద నాలుగు పడతాయి. రెండు ఊళ్ల తల్లిదండ్రులూ ‘ఆడ టీచర్‌ను వేస్తే ఇంతే’ అంటారు. తప్పు సెలవుది కాదు, సెలవుకు బదులు మనిషిని పెట్టని వ్యవస్థది.

దీనికి మేం కోరే పరిష్కారం మండల స్థాయిలో సెలవు రిజర్వు పోస్టులు. ఒక మండలంలో ఏడాదికి ముగ్గురు ప్రసూతి సెలవు తీసుకుంటారనుకుంటే ఒక్కొక్కరికి ఆరు నెలల చొప్పున 18 నెలలు, అంటే ఒకటిన్నర పోస్టు. ఇతర దీర్ఘకాలిక సెలవులు కలిపితే మండలానికి రెండు పోస్టులు అవసరమవుతాయి. ఆ టీచర్ల పోస్టు మండల కార్యాలయం పేరుతో ఉండాలి. ఏదో ఒక బడికి తగిలిస్తే కొద్ది వారాల్లో వారు అక్కడి రోజువారీ టైంటేబుల్‌లో కలిసిపోతారు, బయటికి పంపడం ఇక కుదరదు. ప్రయాణ భత్యం తప్పకుండా ఇవ్వాలి. అత్యవసర సెలవులా కాదు ప్రసూతి సెలవు, నెలల ముందే తెలుస్తుంది. బదులు టీచర్‌కు ఉత్తర్వు సెలవు మొదలవడానికి రెండు వారాల ముందే అందితే, ఆ రెండు వారాలూ ఇద్దరూ ఒకే తరగతిలో ఉండి పిల్లలెవరు ఎంతవరకు చదవగలరో ఒకరికొకరు చెప్పుకోవచ్చు.

మరుగుదొడ్డి గురించి రాయాల్సి రావడం మాకు బాధగా ఉంది. విద్యా హక్కు చట్టం షెడ్యూలు బాలురకు, బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలంది, టీచర్ల ఊసు అందులో లేదు. చిన్న బడిలో మహిళా టీచర్ బాలికల దొడ్డినే వాడుకుంటారు. తనిఖీ ఫారంలో ‘ఉంది’ అని టిక్కు పడుతుంది గానీ లోపలి గడియ విరిగి ఉంటుంది, కుళాయి బయటెక్కడో ఉంటుంది, మూత ఉన్న చెత్తబుట్ట కనిపించదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండే టీచర్లు ఈ కారణంగానే ఉన్నారు. గడియ, లోపల నీరు, బుట్ట: ఈ మూడూ తనిఖీ ఫారంలో విడివిడి గళ్లుగా పెట్టించండి.

బస్సు సంగతి ఒక్క మాటలో. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది, సంతోషం. బడి గంటకు ముందు ఆ ఊరు చేరే బస్సు లేని దారుల జాబితా ఎంఈవోల దగ్గర తీసుకుని ఆర్టీసీ డిపో మేనేజర్లకు పంపండి.

చిన్నపిల్లల చదువు ఆడవారి పని అన్న ఆలోచన మాది కాదు, ప్రతి బడిలో స్త్రీ, పురుషులిద్దరూ ఉండాలి. కానీ నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లకు ఒంట్లో బాగాలేకపోతే చెప్పుకోవడానికి, తల్లి బడి గడప తొక్కి మాట్లాడటానికి ఒక్క మహిళ అయినా ఉండాలి. బాలికల ఉన్నత పాఠశాలల్లో మహిళలకే అని ఖాళీలు చూపే పద్ధతి ఇప్పటికే ఉంది. పైన చెప్పిన జాబితాలోని ప్రతి ప్రాథమిక పాఠశాలలో రాబోయే ఖాళీల్లో ఒకటి అలాగే చూపండి. ఆ స్థానం కోరుకున్నవారికి అదనపు పాయింట్లు ఇవ్వండి, ఎవరినీ బలవంతంగా పంపొద్దు.

జాబితాను మండలాల వారీగా, వచ్చే బదిలీల షెడ్యూలు విడుదలకు కనీసం నెల రోజుల ముందు బయటపెట్టాలని కోరుతున్నాం. బడి పేరు, మంజూరైన పోస్టులు, పనిచేస్తున్న పురుషులు, మహిళలు, సర్దుబాటు మీద వెళ్లినవారు, బదిలీ కేటగిరీ: ఈ ఆరు గళ్లు చాలు. తప్పులుంటే ప్రధానోపాధ్యాయులు సరిదిద్దడానికి వారం గడువివ్వండి.

ఇట్లు,
ప్రాథమిక పాఠశాలల్లో పనిచేస్తున్న కొందరు ఉపాధ్యాయులు