పార్కులో గులాబీ మడులు: మన కాలనీ సంక్షేమ సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, మురుగు కాల్వల పనులు, జమాఖర్చుల వివరాలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఇది పార్కులోని గులాబీ మడుల సంగతి.

ఈ ఏడు పొట్టి పొద గులాబీలే పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. కాడకో పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ రకాలు అందంగానే ఉంటాయి, కానీ వాటిని కనిపెట్టుకుని ఒకరుండాలి. రెండు మూడడుగులు దాటకుండా గుత్తులుగా పూసే ఫ్లోరిబండా, పాలియాంథా, బటన్ గులాబీలు నలుగురం కలిసి చూసుకునే పార్కుకు బాగా నప్పుతాయి.

మన హనుమకొండలో ఒక ప్లాటు చల్కా (ఎర్ర ఇసుక నేల) అయితే పక్క ప్లాటు నల్లరేగడి. పార్కులో రెండూ ఉన్నాయి. గులాబీ వేరు దగ్గర నీళ్ళు నిలిస్తే బతకదు కాబట్టి రేగడి వైపు మడిని అడుగు ఎత్తు లేపాం. చల్కా వైపు చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి గుంతలు నింపాం. అంటు ముడి (అంటు కట్టిన చోటు) కింద నుంచి లేచే పిలకలను ఎప్పటికప్పుడు పీకేయాలి, వదిలేస్తే అసలు మొక్కను అవే మింగేస్తాయి.

ఆగస్టు ఆఖరున, సెప్టెంబర్ మొదట్లో పడిన కుండపోతకు నల్లమచ్చ తెగులు వచ్చింది. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే చాలు, ఆ బూజు మొలకెత్తుతుంది. రాలిన ఆకులు ఏరి బయటికి పంపాం. గాలి ఆడని గోడ పక్క మొక్కలను ఎండలోకి మార్చాం. సాయంత్రం పూట పైపుతో ఆకుల మీద నీళ్ళు కొట్టొద్దని మళ్ళీ మనవి, మొక్క మొదట్లోనే పోయండి.

దసరా వెళ్ళగానే కత్తిరింపు మొదలుపెట్టాం. పొద రకాలను మోడు చేయకూడదు. ఎండు కొమ్మలు తీసేసి, మిగతా దాంట్లో మూడో వంతు, బయటివైపు చూసే కన్నుకు (చిగురు వచ్చే చోటుకు) కాస్త పైన ఏటవాలుగా కోస్తే చాలు. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూశాం. సుమారు 45 రోజులకు పూత వస్తుంది. డిసెంబర్‌లో పార్కు ఎలా ఉందో పొద్దున నడకకు వచ్చిన వాళ్ళందరూ చూశారు.

బతుకమ్మకే గులాబీలు అందేలా చేయమని అక్కలు అడిగారు. అందుకు ఆగస్టు మధ్యలోనే కత్తిరించాలి. వానల్లో తడిసిన కోతల నుంచి కొమ్మ ఎండు తెగులు (కొమ్మ పైనుంచి కిందికి ఎండటం) దిగుతుంది. నా అభిప్రాయంలో బతుకమ్మకు తంగేడు, గునుగు, బంతి ఉండనే ఉన్నాయి, మొక్కలను ఇబ్బంది పెట్టొద్దు. అయినా అక్కల మాట కాదనలేం కాబట్టి వచ్చే ఏడు ఎత్తు మడిలో ఒక వరుసకు కొసలు మాత్రం తుంచి చూద్దాం.

మే ఎండల్లో కత్తిరింపు, యూరియా రెండూ వద్దు. మొక్క మొదట్లో వరిగడ్డి పరవాలి. ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే చిన్న పురుగు) కనిపిస్తే పొద్దున్నే ఆకుల అడుగున నీళ్ళు గట్టిగా కొట్టండి. ఆ ఎండకు ఇట్టే ఆరిపోతాయి, తెగులు టెన్షన్ ఉండదు.

వచ్చే ఏడాదికి డ్రిప్పు పైపులు వేయాలన్న ప్రతిపాదనను సభ ఆమోదం కోసం పెడుతున్నాం. కత్తిరింపుకు వచ్చేవాళ్ళు తమ సికేచర్‌ను (కొమ్మలు కోసే కత్తెరను) స్పిరిట్‌తో తుడిచి తెచ్చుకోవాలి.

కార్యదర్శి