అది నీళ్ల కుండ కాదు, పిండి బేసిను

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని న్యూ మెక్సికోలో ప్యూబ్లో అనే మూలవాసులు చేసే కుండల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా ఉంది. కానీ కేవా (శాంటో డొమింగో అని కూడా అంటారు) అనే ప్యూబ్లో ఊరి పాత్ర ఫొటో కింద ‘సారె మీద చేసిన నీళ్ల కుండ’ అని వేశారు. అందులో రెండు తప్పులున్నాయి.

ప్యూబ్లో కుమ్మరులు సారె వాడరు. మట్టిని తాళ్లలా పేని, చుట్ట మీద చుట్ట పేర్చి, అతుకులు నొక్కి, సొరకాయ పెంకుతో గీకి పలచన చేస్తారు. ఒట్టి బంకమట్టి ఎండేటప్పుడు పగులుతుంది. అందుకే కేవాలో అగ్నిపర్వత బూడిద రాయి పొడి, జియా అనే ప్యూబ్లో ఊళ్లో నల్లరాయి పొడి, ఆకోమా అనే మరో ఊళ్లో పాత కుండ పెంకుల పొడి కలుపుతారు.

నీళ్ల కుండకు మూతి ఇరుకు. మీ ఫొటోలోని పాత్ర మూతి అడుగున్నర వెడల్పు ఉంటుంది. గోధుమ పిండి తడిపి, రెండు పిడికిళ్లతో పిసికి, గుడ్డ కప్పి పొంగనిచ్చే బేసిను అది. ఆ పిండిని రొట్టెలు చేసి, గుమ్మటంలాంటి ‘హోర్నో’ మట్టి పొయ్యిలో కాలుస్తారు. గోధుమా హోర్నో రెండూ స్పెయిన్ వాళ్లతో వచ్చినవే. అక్కడ వాళ్ల వలస 1598లో మొదలైంది.

బయట కనిపించే నల్ల గీతలు ‘బీ ప్లాంట్’ అనే మొక్కను ఉడకబెట్టి, చిక్కబరిచిన రసంతో వేసినవి. మంట ఎక్కువైతే ఆ నలుపు కాలిపోతుంది. పిండి తగిలే లోపలి వైపు మాత్రం సాధారణంగా బొమ్మలు ఉండవు. ఆ లోపలి వైపే అసలు చూడాల్సింది. పిడికిళ్లు పడిన చోట పైన పూసిన పలచటి మట్టి పూత అరిగి లోపలి మట్టి బయటపడుతుంది, సన్నని గుంటలు కనిపిస్తాయి. దాన్ని పాడైన చోటనుకుని నింపి రంగు వేసేవాళ్లున్నారు. అలా చేస్తే ఏళ్ల తరబడి రొట్టె చేసిన గుర్తు మాసిపోతుంది.

అమెరికాలో ఇలాంటివి కొనే తెలుగువాళ్లకు ఒక్క మాట. దయచేసి కడగవద్దు. దానికి గ్లేజు (గాజులాంటి పూత) లేదు, ఆరుబయట మంటలో కాల్చింది, నీళ్లు పీల్చేస్తుంది. మట్టిలోని ఉప్పు కరిగి, ఆరేటప్పుడు పైకొచ్చి గడ్డకట్టి పూతను పెచ్చులుగా లేపుతుంది. మన ఉప్పు కుండ బయట తెల్లగా పొంగి రాలేది కూడా ఇందుకే. కేవా పూతకు తడిగుడ్డ కూడా పడదు. పొడి మెత్తని బ్రష్ చాలు. అంచు పట్టి ఎత్తవద్దు, అడుగున రెండు చేతులూ పెట్టాలి. వేలి కణుపుతో మెల్లగా తడితే ఖంగుమనాలి. మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే.

సవరణ వేసేటప్పుడు ఆ బేసిను లోపలి వైపు ఫొటో కూడా వేయండి.

— ఒక పాఠకుడు, విజయవాడ