అడవి నరికిన చోట జ్వరాలనూ లెక్కపెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం వైపు. వానాకాలం జ్వరాల గురించి పేపర్లో ఏ వార్త వచ్చినా దోమలు, మురుగు కాలువలు, ఫాగింగ్, అంతే. మా కొండల్లో జ్వరం ఎలుకల మీదుగా కూడా వస్తుంది, స్క్రబ్ టైఫస్ అంటారు. దాని గురించి మాట్లాడేవాళ్లు లేరు.

ఇక్కడ కొండవాలు అడవి చాలావరకు పోయింది. కొంత పోడుకి, కొంత జీడితోటలకి, జామాయిల్‌కి. పక్కనే కొరాపుట్, నవరంగపూర్ మీదుగా రాయపూర్–విశాఖ ఆరు వరసల రోడ్డు వేస్తున్నారు. రోడ్లు, తోటలు వద్దని నేను అనను, కూలీ దొరికేదే అక్కడ. కానీ అడవి కొట్టేస్తే అందులోని జీవాలన్నీ ఒకేలా పోవు. నీడ, పెద్ద చెట్లు కావాల్సినవి పోతాయి, ఎలుకల్ని తినే పాములు, గుడ్లగూబలు తగ్గుతాయి, ఏది దొరికితే అది తిని గబగబా పిల్లలు పెట్టే ఎలుకలు, పందికొక్కులు మాత్రం మిగిలిపోయి పొలం గట్లలోకి, ఇళ్ల వెనక తుప్పల్లోకి వచ్చేస్తాయి.

వాటితో పాటు వాటి ఒంటి మీది పురుగులూ వస్తాయి. అన్ని పరాన్నజీవులూ పెరుగుతాయని కాదు. రెండు మూడు రకాల జీవుల్లో పెరిగితే తప్ప బతకలేని పేగు పురుగులు, వాటిలో ఒక్క జీవి పోయినా తగ్గిపోవచ్చు. కానీ కలుగులో, తడి మట్టిలో పెరిగి దొరికిన జంతువునల్లా పట్టుకునే పురుగులకు అడవి నరికాక పెరిగే తుప్పలు బాగా పనికొస్తాయి. చిగ్గర్ అనే చిన్న నల్లి అలాంటిదే. కంటికి సరిగా ఆనదు. పిల్ల దశలో ఒక్కసారే కుడుతుంది, మామూలుగా ఎలుకనే, మనం తుప్పల్లోకి వెళ్తే మనల్ని. స్క్రబ్ టైఫస్ అలాగే వస్తుంది. 2023లో బర్గఢ్ జిల్లాలో దీనివల్ల మనుషులు చనిపోయారు కూడా.

ఎలుకల్ని మందు పెట్టి చంపేస్తే సరిపోతుందా అంటే సరిపోదు. తల్లి పురుగు నుంచి గుడ్లలోకే రోగం దిగుతుంది కాబట్టి ఎలుకలు చచ్చినా రోగం మట్టిలోని ఆ పురుగుల్లో ఉంటుంది. ప్లేగు విషయంలో అయితే ఇంకా ప్రమాదం, చచ్చిన ఎలుకని వదిలేసి దాని ఒంటి మీది పురుగులు మనుషుల మీదకి వస్తాయి, అందుకే ముందు ఆ పురుగుల్ని చంపాలంటారు. 1993లో లాతూర్ భూకంపం తర్వాత జనం ధాన్యంతో సహా వదిలేసిన ఇళ్లల్లో ఎలుకలు విపరీతంగా పెరిగాయి, మరుసటి ఏడాది ఆగస్టులో బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో ప్లేగు బయటపడింది. మనుషుల చోటు చెదిరినా, అడవి చెదిరినా ముందు కదిలేది ఎలుకలే.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. చిగ్గర్ కుట్టిన పది పన్నెండు రోజులకి జ్వరం వస్తే మలేరియా కిట్ పెడతారు, లేదంటే టైఫాయిడ్ అంటారు, సెలైన్ ఎక్కించి ఇంజెక్షన్లు వేస్తారు. పెన్సిలిన్ రకం మందులు స్క్రబ్ టైఫస్‌కి పనిచేయవు. పురుగు కుట్టిన చోట, చంకలోనో, నడుం దగ్గరో, గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పడు, డాక్టరు చొక్కా విప్పించి చూడడు. పెచ్చు అందరికీ కనబడదన్నది కూడా నిజమే. అసలు మందు డాక్సీసైక్లిన్, చాలా చవక, త్వరగా మొదలుపెడితే రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

మలేరియాని దమన్ కార్యక్రమంతో ఒడిశా ఎంత తగ్గించిందో అందరం చూశాం, ఆశా దీదీలు కొండ మీది ఊళ్లకి కూడా కిట్లు పట్టుకుని వెళ్లారు. వాళ్లకే ఈ నల్లటి పెచ్చు చూడటం నేర్పించొచ్చు. అడవి కొట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడు చెట్లు లెక్కపెడతారు, ఎలుకల్ని పట్టి వాటి మీద ఏ పురుగులున్నాయో కూడా చూడమనండి, నరకడానికి ముందు ఒకసారి, తుప్పలు లేచాక ఒకసారి. జీడితోటలో, రోడ్డు పనిలో ఉన్న కూలీలకి జ్వరం వస్తే స్క్రబ్ టైఫస్‌ని పట్టే ఎలైజా రక్తపరీక్ష జిల్లా ఆసుపత్రి దాకా వెళ్లకుండా జరగాలి.

ఈ వానలు మొదలయ్యేలోపు మీ విలేకరి గుణుపురం, పర్లాకిమిడి వైపు పీహెచ్‌సీలు నాలుగు తిరిగి, డాక్సీసైక్లిన్ మాత్రలు ఉన్నాయో లేదో చూసి రాయగలరా? ఉంటే ఉన్నాయనే రాయండి, అదీ జనానికి తెలియాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాయగడ జిల్లా, ఒడిశా