మోడిఫైడ్ కారు చవకని రాశారు, దాని కింద ఏముందో కూడా రాయాల్సింది

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా ఎడిషన్‌లో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్ల మీద అర పేజీ వేశారు. అందరూ చదివే ఉంటారు, మా శ్రీకాకుళం బలగలో అయితే రెండ్రోజులు దాని గురించే మాట్లాడుకున్నారు. కొత్త చిన్న కారు రేటుకే స్టేజ్ టూ పోలో, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్, పొగగొట్టం మార్చి పవర్ పెంచిన ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు, వచ్చేస్తుందని, సౌండ్ అదిరిపోతుందని, మన శ్రీకాకుళం కుర్రాళ్లు బెంగళూరు వాళ్లకేం తీసిపోరని రాశారు. కింద ఒక డీలర్ ఫోన్ నంబర్ కూడా వేశారు. అంత పెద్ద ఐటమ్‌లో ఆర్‌సీ గురించి ఒక్క ముక్క లేదు, ఇన్సూరెన్స్ గురించి లేదు, చట్టం ఊసే లేదు. ఎవరో ఒకరు రాస్తారులే అని ఇన్నాళ్లూ చూశాను, ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, దయచేసి కత్తిరించకండి.

నాకు కార్లంటే గిట్టక రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. పోలో జీటీ టీఎస్ఐ మంచి బండి, అందులో రెండో మాట లేదు. 1.2 లీటర్ల చిన్న ఇంజిన్‌కి టర్బో పెట్టి 105 హెచ్‌పీ, 175 ఎన్ఎం టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం, ఇచ్చారు, ఎచ్చెర్ల దగ్గర హైవే ఎక్కాక దాని సంగతేంటో తెలుస్తుంది. 2022లో మన దేశంలో పోలో ఆపేశాక ఇంక అలాంటిది రాలేదని ఇప్పటికీ బాధపడే కుర్రాళ్లున్నారు, మా మేనల్లుడు వాళ్లలో ఒకడు. మీ పేజీ రాకముందే వాడు అలాంటి బండి ఒకటి పట్టుకున్నాడు, విశాఖ వెళ్లే దారిలో హైవే పక్కన ఒక డీలర్ దగ్గర, కర్ణాటక నంబర్‌ది. "మావయ్యా, దాని మీద పెట్టిన సామాన్లే మూడు లక్షలట, బండి మనకి ఊరికే వస్తున్నట్టే" అని నా ప్రాణం తీశాడు. ఊరికే ఎవడిస్తాడ్రా అని మా మెకానిక్‌ని కూడా వెంటపెట్టుకుని వెళ్లాం.

పైనుంచి చూస్తే బండి మెరిసిపోతోంది. ఒంటి మీద బూడిద రంగు ర్యాప్ (రంగు మీద అంటించే ప్లాస్టిక్ పొర), 17 అంగుళాల వీల్స్, నేలకి అంటుకుపోయినట్టు దించేసిన సస్పెన్షన్. లిఫ్ట్ ఎక్కించి చూపించమంటే లిఫ్ట్ లేదన్నాడు డీలర్. అప్పుడు మా మెకానిక్ జాకీ పెట్టి, గోనెపట్టా వేసుకుని, ఫోన్ లైటుతో కిందికి దూరాడు. కాసేపటికి అక్కడినుంచే కేకేశాడు, "ఏటండి బాబూ ఇది, క్యాట్ నేదు, ఒట్టి గొట్టం పెట్టీసేరు" అని. క్యాట్ అంటే క్యాటలిటిక్ కన్వర్టర్, ఇంజిన్‌లోంచి వచ్చే విషవాయువుల్ని శుభ్రం చేసే డబ్బా. సౌండ్ కోసం, పవర్ కోసం దాన్ని పీకేశారు. పైకి లేచాక తాళం ఆన్ చేసి, స్టార్ట్ చెయ్యకుండా మీటర్ల వైపు చూడమన్నాడు. ఇంజిన్ బొమ్మ ఉండే లైటు ముందు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఈ కారులో అది అసలు వెలగనే లేదు. క్యాట్ తీసేస్తే వెనకాల ఉండే ఆక్సిజన్ సెన్సర్ ఊరుకోదు, లైటు వేస్తుంది, ఆ గొడవ లేకుండా లైటే రాకుండా చేసి పెట్టారు. అంటే రేపు ఇంజిన్‌కి నిజంగా జబ్బు చేసినా కొన్నవాడికి తెలిసే దారి లేదు. అంత పని చేసిన బండికి డాష్‌బోర్డు అరలో గడువు దాటని పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది! క్యాట్ లేని బండిని టెస్ట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చారా, నంబర్ ప్లేట్ ఫోటో తీసుకుని ఇచ్చారా? రోడ్డు పక్క వ్యాన్లలో పొల్యూషన్ టెస్టులు ఎలా అవుతున్నాయో ప్రతి బండి ఓనర్‌కీ తెలుసు, తనిఖీ చేయాల్సినవాళ్లకి మాత్రం ఎప్పటికి తెలుస్తుందో.

డీలర్ గొప్పగా ఒక కాగితం తీసి చూపించాడు, రీమ్యాప్ చేశాక, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చాక, టార్క్ 260 ఎన్ఎం వచ్చిందని. మావాడి మొహం వెలిగిపోయింది, మెకానిక్ మొహం మాడిపోయింది. ఎందుకంటే ఆ కారులో ఉండే 7 స్పీడ్ డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోవి నూనెలో మునగని పొడి క్లచ్‌లు, 250 ఎన్ఎం వరకే అని తయారుచేసినవాళ్లే లెక్కకట్టి చెప్పారు. కంపెనీ ఇచ్చింది 175, వీళ్లు 260కి లాగారు. నడిపి చూస్తే ఒకటి నుంచి రెండో గేర్‌కి మారేటప్పుడు వణుకు చక్కగా తెలుస్తోంది. క్లచ్ ప్యాక్, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ రెండూ పోతే రిపేరు లక్షల్లో మాట, ఆ పనొచ్చినవాళ్లు శ్రీకాకుళంలో ఎంతమంది ఉన్నారు? పైగా ఇలాంటి ట్యూన్లు చాలావరకు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు, అంటే వేళ కాని వేళ మండిపోని రకం, పోస్తారన్న లెక్కతో చేస్తారు, అది ప్రతి బంకులో దొరకదు. పాతపట్నం దాటాక ట్యాంకు ఖాళీ అయితే ఏం పోసుకోవాలి? తక్కువ ఆక్టేన్‌తో టర్బోని గట్టిగా తొక్కితే ఇంజిన్ నాకింగ్, అంటే పెట్రోలు లోపల తప్పు సమయంలో మండి కొట్టుకోవడం, మొదలవుతుంది, ముదిరితే పిస్టన్లే పోతాయి. ఇవన్నీ మీ విలేకరి ఒక్క మెకానిక్‌ని అడిగినా చెప్పేవాడు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి 182ఏ పెట్టారు, రూల్స్ ఒప్పుకోని మార్పు చేసిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇక్కడ జనం గమనించాల్సింది ఏంటంటే, ఆ గొట్టం పెట్టినవాడు బెంగళూరులో హాయిగా ఉంటాడు, ఆర్‌సీ మన పేరు మీదకొచ్చాక రోడ్డు మీద ఆపితే జవాబు చెప్పుకోవాల్సింది మనమే. నిజానికి అదే సెక్షన్‌లో రూల్స్‌కి విరుద్ధంగా ఉన్న బండిని అమ్మిన డీలర్‌కి బండికి లక్ష రూపాయల జరిమానా, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. ఒక్క డీలర్ మీద ఆ సెక్షన్ పెట్టినట్టు మీ పేపర్లో నేనెప్పుడూ చదవలేదు. కుర్రాళ్ల బైకుల సైలెన్సర్లు ఊడదీసి రోడ్డు రోలర్‌తో తొక్కించిన ఫోటోలు మాత్రం వేస్తారు. ఆ సైలెన్సర్లు అమ్మిన షాపు పక్క వీధిలోనే తెరిచుంటుంది.

కాగితాలు చూస్తే ఇంకా ఒళ్లు మండింది. ఆర్‌సీలో రంగు తెలుపు, ఎదురుగా ఉన్నది బూడిద. ఇన్సూరెన్స్ పాలసీలో ఒక్క మార్పు కూడా రాయించలేదు, యాక్సిడెంట్ అయితే సర్వేయర్ ఒక్కసారి కిందికి వంగి చూస్తే చాలు, ఓన్ డ్యామేజ్ క్లెయిమ్, అంటే మన బండి రిపేరుకి రావాల్సిన డబ్బు, కొట్టేయొచ్చు. పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, ఫారం 30 మీద పాత ఓనర్ సంతకాలున్నాయి, తేదీలు లేవు, కొనేవాళ్ల పేరు ఖాళీ. ఇలా సంతకాలు పెట్టి ఇచ్చేసేవాళ్లకీ ఒక మాట, ఆర్‌సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది, బండి ఎన్ని చేతులు మారినా సరే. బ్యాంకు లోన్ తీరినట్టు ఫారం 35 అడిగితే "వస్తుందండి" అన్నాడు. వేరే రాష్ట్రం ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, అక్కడ కట్టిన ట్యాక్స్ వెనక్కి రావడానికి అక్కడి ఆఫీసు చుట్టూ తిరగడం, ఇవేవీ ఆ చవక రేటులో కలపలేదు. పాత కార్లు అమ్మే డీలర్లు రిజిస్టరింగ్ అథారిటీ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలని 2023 ఏప్రిల్ నుంచి కేంద్రం రూల్ ఉంది కదా, మీ కాగితం చూపించండి అంటే జీఎస్టీ కాగితం చూపించాడు.

పేరు మార్పిడి దగ్గరైనా ఎవరైనా బండి చూస్తారా అంటే, నాతో పనిచేసే ఆయన ఒక పాత కారు కొన్నప్పుడు అప్లికేషన్, ఆధార్, ఫీజు, అంతే, కారు ఏ రంగులో ఉందో కూడా అడిగినవాళ్లు లేరు. ఆన్‌లైన్ అయ్యాక జనానికి తిరుగుడు తగ్గింది, సంతోషమే, కానీ చూడాల్సింది చూడకుండా వదిలేయడానికి ఆన్‌లైన్ అడ్డం పెట్టుకుంటే ఎలా? అన్ని బండ్లనీ పిలవక్కర్లేదు, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పెర్ఫార్మెన్స్ కార్లని పిలిచి కింద చూస్తే చాలు, పట్టుమని పది నిమిషాల పని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ దించేసిన కారు మా వీధుల్లోకి వస్తే స్పీడ్ బ్రేకర్ దాటదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మా దగ్గర ఎవరికి తోచినట్టు వాళ్లు అడ్డంగా గోడ కట్టినట్టు కట్టేస్తున్నారు, మీద తెల్ల గీతలుండవు, ముందు బోర్డుండదు. మామూలు కార్లకే కింద తగులుతున్నాయి, ఆటోల్లో గర్భిణీలు ఎంత ఇబ్బంది పడుతున్నారో ఏ అధికారైనా ఒక్కసారి ఆటో ఎక్కి చూడాలి. దీని మీద వేయండి అర పేజీ.

మా మేనల్లుడు ఆ బండి కొనలేదు. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు, ఇప్పుడు అదే పోలోలో ఎవరూ చెయ్యి పెట్టనిది, కంపెనీ సర్వీస్ రికార్డు మొత్తం ఉన్నది వెతుకుతున్నాడు, దొరికితే నేనే దగ్గరుండి కొనిపిస్తా. మోడిఫై చేసిందే కావాలని పట్టుబట్టేవాళ్లు కనీసం ఊడదీసిన ఒరిజినల్ సామాను మొత్తం బండితో పాటు అడగండి, ట్యూన్ ఎవరు చేశారో బిల్లు అడగండి, క్యాట్ తిరిగి బిగించి, సాఫ్ట్‌వేర్ కంపెనీది వేయించాకే డబ్బు ఇస్తామనండి. దానికి ఒప్పుకునే అమ్మకందారు ఉంటే ఆలోచించొచ్చు, లేకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

మీరు కూడా ఈసారి అలాంటి ఐటమ్ వేసేటప్పుడు డీలర్‌తో పాటు ఒక మెకానిక్‌నీ, ఒక మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌నీ అడిగి రాయండి. ఆ కారు ఇంకా అమ్మకానికే ఉంది, మీ పేజీ చూసి ఫోన్లు కూడా బాగానే వస్తున్నాయట.

ఇట్లు
మీ పాఠకుడు,
బలగ, శ్రీకాకుళం