ముల్లంగికి కాయ నిలవలేదన్నావుగా

ఒరేయ్ శీనూ,

ముల్లంగి మొక్కకి సంచి కట్టి, దాని పుప్పొడి దానికే రాసినా ఒక్క కాయా నిలవలేదని రాశావు. ఎండనీ, ఎరువునీ తిట్టకు. తప్పు వాటిది కాదనే నా అనుమానం. ముల్లంగి తన పుప్పొడిని తనే తిరస్కరిస్తుంది.

కీలాగ్రం, అంటే పువ్వులో పుప్పొడిని అందుకునే కొన, దాని నిండా సన్నటి బొడిపెల్లాంటి కణాలుంటాయి. వాటి పొరలో ఎస్‌ఆర్‌కే అనే గ్లైకోప్రోటీన్, అంటే చక్కెర గొలుసులు తగిలించుకున్న ప్రోటీన్, సగం బయటికీ సగం లోపలికీ ఉంటుంది. పుప్పొడి పైపూతలో ఎస్‌సీఆర్ అనే బుల్లి ప్రోటీన్. ఈ రెంటి జన్యువులూ పక్కపక్కనే ఉండే చోటుని ఎస్ అంటారు, దానికి చాలా రకాలుంటాయి. రెండూ ఒకే ఎస్ రకానివైతే అతుక్కుంటాయి. ఇక ఆ కణం పుప్పొడి రేణువుకి నీళ్లివ్వదు. రేణువు ఉబ్బదు, ఒకవేళ ఉబ్బినా దాన్నుంచి మొలిచే నాళం లోపలికి దిగలేదు. ఈ పూత వచ్చేది పుప్పొడి తిత్తి లోగోడ నుంచి. కాబట్టి రేణువు లోపలి జన్యువు కాదు, తండ్రి మొక్క ఎస్ రకాలే లెక్క. ఒకే కాయలో పుట్టిన మొక్కల మధ్య కూడా చాలాసార్లు గింజ పట్టనిది అందుకే.

కీలాగ్రంలో దండిగా దొరికే ఇంకో గ్లైకోప్రోటీన్ ఎస్‌ఎల్‌జీ. చాన్నాళ్లు దీన్నే అసలు కాపలాదారు అనుకున్నారు. 2000లో జపాన్ పరిశోధకులు ముల్లంగికి చుట్టమైన బ్రాసికా రాపాలోకి ఈ జన్యువులు ఎక్కించి చూస్తే, సొంత పుప్పొడిని గుర్తుపట్టడానికి ఎస్‌ఆర్‌కే ఒక్కటే చాలని తేలింది. ఎస్‌ఎల్‌జీ ఒంటరిగా ఏమీ చెయ్యలేదు, తోడుంటే మాత్రం తిరస్కారం గట్టిపడింది. ఉత్తరాదిన పండించే పసుపు సర్సోంకి, అంటే ఒక రకం ఆవకి, ఈ గొడవే లేదులే, ఆ జన్యువులు చెడిపోయి హాయిగా తనకి తనే కాస్తుంది.

నీకు పనికొచ్చే సంగతి ఏంటంటే, ఈ ప్రోటీన్లు కీలాగ్రంలో బాగా పేరుకునేది పువ్వు విచ్చడానికి ఒకట్రెండు రోజుల ముందే. అంతకన్నా లేత మొగ్గకి ఇంకా తన పర భేదం తెలీదు. గెలలో విచ్చినవీ, రేపు విచ్చబోయేవీ గిల్లెయ్. రెండు నుంచి నాలుగు రోజుల్లో విచ్చే మొగ్గలు పట్టు. సన్నమూతి పట్టకారుతో కొన చీల్చి కీలాగ్రం బయటపెట్టు, దాన్ని మాత్రం గీకకు. ఆత్మపరాగమేగా, కేసరాలు పీకే పని లేదు. అదే మొక్క మీద ఆ పూటే విచ్చిన పువ్వు తెంపి, పొడి తడవకుండా రాయి. మరీ చిన్న మొగ్గ పట్టుకుంటే కీలం విరుగుతుంది, విరక్కపోయినా గింజలు తక్కువే. రాశాక బటర్ పేపర్ సంచి కట్టు, రేకలు రాలేదాకా విప్పకు. ఆ మొగ్గలు విచ్చాక తేనెటీగ పరాయి పుప్పొడి తెచ్చిందంటే నీ కష్టమంతా పోతుంది. విత్తన కంపెనీలు మొగ్గలు చీల్చే ఓపిక లేక, మూసిన గదిలో 3 నుంచి 5 శాతం కార్బన్ డయాక్సైడ్ పెట్టి, ఆ తిరస్కారాన్ని సడలించి, విచ్చిన పూలతోనే కానిచ్చేస్తాయి.

అప్పటికీ కాయ రాకపోతే, మీ కాలేజీలో ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు ఉందిగా. పుప్పొడి రాసిన మర్నాడు కీలం కోసి, మూడు పాళ్ల ఇథనాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లంలో వెయ్యి. తరవాత 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 60 డిగ్రీల దగ్గర గంటసేపు మెత్తబరిచి, కడిగి, 0.1 శాతం అనిలీన్ బ్లూ రంగు పెట్టు, మైక్రోస్కోపు కింద నాళాలు మెరిసేది దానివల్లే. రేణువులన్నీ పైనే ఆగిపోయి ఉంటే మొగ్గ ముదిరిపోయిందన్నమాట. నాళాలు మెరుస్తూ అండాల దాకా దిగి ఉంటే, అప్పుడు నిక్షేపంగా ఎండని తిట్టుకో.

నీ
రాంబాబు